తెల్ల పప్పు చూపించే మానిటర్

మూడో మానిటర్‌ని అట్టపెట్టెలో సర్ది టేపు అంటిస్తుంటే, దాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన కొరియర్ ఆయన గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. నెలన్నరలో ఆయన మా ఇంటికి రావడం అది ఆరోసారి. మూడుసార్లు తెచ్చాడు, ఇప్పుడు మూడోది పట్టుకెళ్తున్నాడు. "దీన్లో ఏటి లోపం బావూ?" అని అడిగాడు. రంగు పసుపు కొడుతోందని చెప్పాను. ఆయన పెట్టె మీద బొమ్మకేసి చూశాడు, నాకేసి చూశాడు, ఇంకేమీ అడగకుండా ఎత్తుకుని పోయాడు. ఈయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ రోజుల్లో నాకు తప్ప ఇంకెవరికీ ఏమీ తెలియదనే అనుకునేవాణ్ణి.

మాది పలాసలో చిన్న జీడిపప్పు వ్యాపారం. ఫ్యాక్టరీ కాదు. మా చుట్టుపక్కల ఉద్దానం జీడితోటల గింజ ఫ్యాక్టరీలో పప్పుగా మారాక, మేము డబ్బాల్లో కొనుక్కొచ్చి, ఇంటి ముందు గదిలో ఇంకోసారి ఏరి, ప్యాకెట్లు కట్టి బయటి ఊళ్లకు పంపుతాం. ఏరడం నా భార్య పని. పెళ్లికి ముందునుంచీ గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషి. ఫోటోలు తియ్యడం, కంప్యూటర్‌లో వాటిని సరిచెయ్యడం, మిఠాయి దుకాణాలకు పంపడం నా పని. ఎక్కడో ఉన్న కొనేవాడు మా పప్పును ముట్టుకోడు, కొరికి చూడడు. నా ఫోటో చూసి సరుకు చెప్తాడు. పప్పులో రంగే ముఖ్యం. విరగని నిండు పప్పును మేము గుండు అంటాం. తెల్ల గుండు వేరు, వేడి కాస్త ఎక్కువ తగిలి లేత గోధుమరంగు తిరిగిన గుండు వేరు. నోట్లో వేసుకుంటే తేడా తెలియదు గానీ, కాజూ బర్ఫీ చేసేవాడికి తెల్లదే కావాలి. అందుకని ఫోటోలో రంగు తప్పితే మేము మాట తప్పినట్టే.

గొడవ మొదలైంది గోదావరి వైపు ఒక మిఠాయి దుకాణం పెద్దాయనతో. పన్నెండేళ్లుగా మా దగ్గరే తీసుకుంటున్న మనిషి. ఫోటోలో ఉన్నంత తెలుపు సరుకులో లేదండీ అని ఒకసారి ఫోన్ చేశాడు. దారిలో ఎండ తగిలి ఉంటుందన్నాను. రెండోసారి కూడా అదే మాట. మూడోసారి నా నోరు ఊరుకోలేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందండీ అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. రేటు తగ్గించుకోవడానికి ఇదో దారి కాబోలు అని కూడా అన్నాను. ఆయన సరేనండీ అన్నాడు. తర్వాత మర్యాదగానే ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన దగ్గరనుంచి ఆర్డర్ రాలేదు.

తప్పు ఆయనదేనని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటూ తిరిగాను. లోపల మాత్రం భయం. ఆయన పేరు చెప్పుకుని మాకు వచ్చిన దుకాణాలు నాలుగున్నాయి. ఫోటో ఒకటి పెట్టి సరుకు ఇంకొకటి పంపుతాడన్న మాట ఆ నాలుగింటికీ చేరితే, మా ఇంటి పప్పు ఇంక మేమే తినాలి. ఆయన అబద్ధం చెప్పట్లేదేమో అన్న అనుమానం కూడా మనసులో ఏదో మూల ఉండేది. అదే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

సరే, ఎక్కడో ఏదో తేడా ఉంది, పట్టుకోవాలి. నాకు కనిపిస్తున్న తేడా ఒకటే. తెరమీద పప్పు పసుపుగా ఉంటోంది. ఒకప్పుడు పాలలా కనిపించేది. అందుకని నేను ప్రతి ఫోటోలోనూ నీలం పెంచి, తెల్లగా కనిపించేదాకా సరిచేసి పంపేవాణ్ణి. మొదట ఫోటో గదిలో ట్యూబులైట్లు మార్చాను. తర్వాత గోడకు సున్నం వేయించాను. తర్వాత ఫ్యాక్టరీ వాడితో, ఈమధ్య మీ పప్పు మునుపటిలా లేదని తగువు పెట్టుకున్నాను. పప్పు చేత్తో పట్టుకున్నా నాకు కాస్త పాతబడినట్టే కనిపించేది మరి. ఇవన్నీ అయ్యాక నేరం మానిటర్ మీదికి వచ్చింది. అయిదేళ్లనాటిది, పేరు లేనిది, పలాసలోనే కొన్నది. దానికి నోరు లేదు కదా, ఒప్పుకుంది.

ఇక చదవడం మొదలుపెట్టాను. పొద్దున్న పళ్లు తోముతూ చదివేవాణ్ణి, భోజనం చేస్తూ వీడియోలు చూసేవాణ్ణి. ఐపీఎస్ రకం తెర అయితే ఏ పక్కనుంచి చూసినా రంగు మారదు. ఎస్‌ఆర్‌జీబీ నూటికి నూరు ఉంటే చూపించాల్సిన రంగులన్నీ చూపిస్తుంది. వెలుగు ఎంతో నిట్స్‌లో చెప్తారు. తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా, అదే కాంట్రాస్టు, పది లక్షలకి ఒకటి అని పెట్టె మీద రాస్తారు గానీ, మన గదిలో కిటికీ తెరవగానే ఆ పది లక్షలూ ఎటు పోతాయో రాయరు. ఇవన్నీ ఒక కాగితం మీద గడులు గీసి రాసి గోడకు అంటించాను. తెర సెకనుకు నూట అరవై అయిదుసార్లు మారుతుందని నేను గొప్పగా చెప్తుంటే నా భార్య చేట పక్కన పెట్టి అడిగింది.

"జీడిపప్పు పరిగెడతాదేటి బావా?"

మొదట వచ్చినది కంప్యూటర్ ఆటలాడుకునేవాళ్ల మానిటర్. పప్పుకు తళుకు వచ్చింది గానీ తెలుపు రాలేదు. పైగా మా ఇల్లు రైలుకట్టకు దగ్గర. గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా దాని సన్నకాళ్ల స్టాండు వణికేది. బండి వెళ్లిపోయేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఇంత చదివాను, స్టాండు సంగతి ఒక్కడూ చెప్పలేదు. రెండోదానికి నలుపు బాగుంది, కానీ తల కాస్త పక్కకు వంచితే అంచులు మసకబారేవి. మీటలు వెనకెక్కడో ఉండేవి, వెలుగు తగ్గించబోతే ఆరిపోయేది. మూడోది ఖరీదైనది. ఫ్యాక్టరీలోనే రంగులు సరిచూసి పంపామని లోపల సంతకంతో సహా కాగితం పెట్టారు. ఆ కాగితం చూసి నాకు ధైర్యం వచ్చింది. తెర వెలిగించాను. పసుపే. ఆ కాగితం మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఇంక పెట్టెల్లో తెప్పించుకోవడం మానేసి కళ్లారా చూసి కొందామని దుకాణాలు పట్టాను. కాశీబుగ్గలో ఒకాయన ఒక్క మానిటరే తెరిచి ఉంచాడు. దాంట్లో రంగురంగుల చిలకల వీడియో ఆడుతోంది. అవి చూసి చిలకల వ్యాపారి కొనుక్కోవాలి. నా పెన్‌డ్రైవ్ పెట్టి జీడిపప్పు చూపించమన్నాను. అదీ పసుపుగానే ఉంది. మిగతావి తెరవమంటే, పెట్టె విప్పితే తీసుకోవాల్సిందే అన్నాడు. టెక్కలిలో ఒక దుకాణంలో రెండు పక్కపక్కనే పెట్టి చూపిస్తారని ఎవరో చెప్పారు. మర్నాడు పొద్దున్నే బండి తీస్తుంటే నా భార్య చీర మార్చుకుని వచ్చి నిలబడింది.

"ఈపాలి నానూ వొత్తాను. నీ కాయితం ఇంటికాడ ఒగ్గీ," అంది.

కాగితం జేబులో పెట్టుకునే వెళ్లాను. నందిగాం దాటేదాకా నిట్స్ గురించి చెప్తూనే ఉన్నాను. హైవే గాలికి సగం ఆమెకు వినపడలేదు, మిగతా సగం విన్నట్టు ఊకొట్టింది. ఆమె ఒళ్లో ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో ఎప్పుడూ కొన్ని గుండ్లు ఉంచుకుంటుంది, తెల్లవి, రంగు తిరిగినవి. కొత్త డబ్బా విప్పినప్పుడు వాటి పక్కన పెట్టి చూసుకుంటుంది. లైటు కింద ఏరదు. గుమ్మం దగ్గర పగటి వెలుగులోనే ఏరుతుంది. మధ్యమధ్య తలెత్తి వీధిలో చెట్లకేసి చూసి, మళ్లీ వంగుతుంది. చేట నిండా పప్పు ఉంటే చూపు మోసపోతుందట. ఇదంతా చాదస్తమని నేను ఎన్నోసార్లు ఆటపట్టించాను.

టెక్కలి దుకాణదారు మంచివాడు. రెండు మానిటర్లలోనూ ఒకే ఫోటో పెట్టాడు. నా చెయ్యి పడనిది, కెమెరా నుంచి ఉన్నదున్నట్టు తెచ్చినది. అందులో సగం తెల్ల గుండ్లు, సగం రంగు తిరిగినవి. చూడగానే చెప్పేశాను, రెండూ పనికిరావు, రెండు రకాలూ ఒకేలా కనిపిస్తున్నాయి, కుడివైపుది మరీ పసుపు అని. నా భార్య తెర దగ్గరికి రాలేదు. గుమ్మం దాకా వెనక్కి వెళ్లి అక్కణ్ణుంచి చూసింది. ఎడమవైపుది సరిగ్గా చూపిస్తోంది అంది. దుకాణదారు కూడా తల ఊపాడు. నేను కాగితం తీసి, అంకెల ప్రకారం కుడివైపుదే మేలని, అది కూడా బాగులేదంటే ఇంక ఎడమదాని మాట ఎత్తొద్దని వాదించాను. ఆమె వాదించలేదు. అగ్గిపెట్టె తెరిచి, గుమ్మం వెలుగు పడే చోట, బల్ల మీద నల్ల రుమాలు పరిచి, ఎనిమిది గుండ్లు పోసింది.

"తెల్లయి ఏరు బావా."

ఇదో పరీక్షా అని నవ్వి నాలుగు ఏరి పక్కన పెట్టాను. ఆమె కూడా నవ్వింది. అన్నీ కలిపేసి మళ్లీ ఏరమంది. మళ్లీ ఏరాను. మూడోసారి కలిపేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. ఈసారి నేను ఏరిన నాలుగింటినీ వేలితో కదిపి, వాటిలో రంగు తిరిగిన రెండింటిని విడిగా జరిపింది. దుకాణదారు అటు తిరిగి ఏదో వైరు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"తేడా టీవీలో నేదు. నీ కంట్లో ఉంది," అంది మెల్లగా.

నాకు కోపం వచ్చింది. దుకాణంలో వెలుగు చాలదన్నాను. ఎనిమిదీ గుప్పిట్లో పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లి, ఎండలో అరచెయ్యి చాపి చూశాను. ఆటోలు పోతున్నాయి. పక్కనుంచి ఎవరో తప్పుకోమంటున్నారు. ఎంతసేపు చూసినా ఎనిమిదీ ఒక్కలాగే ఉన్నాయి. గుప్పిట మూసేశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మూడు మానిటర్లు వెనక్కి పంపినవాణ్ణి. గోడలకు సున్నం వేయించినవాణ్ణి. అవన్నీ తర్వాత గుర్తొచ్చాయి. మొదట గుర్తొచ్చింది మాత్రం గోదావరి పెద్దాయనతో నేనన్న మాట. సిగ్గుతో చెవులు మండాయి.

తిరుగు ప్రయాణంలో ఆమెను అడిగాను, నీకు ముందే తెలుసా అని. కొన్నాళ్లుగా నేను రంగు తిరిగిన పప్పు పళ్లాన్ని తెల్లదాని పక్కన పెట్టేస్తున్నానట. తాను మాట్లాడకుండా మళ్లీ విడదీసుకుంటోందట. పరాకు అనుకుందట గానీ, చూపే అలా అయిందని అనుకోలేదట. కళ్లద్దాలు మార్చుకోమని రెండుసార్లు చెప్పిందట కూడా. నాకు గుర్తులేదు. గట్టిగా ఎందుకు చెప్పలేదన్నాను.

"సెప్తే ఇనీవోడివేటి? కాయితం సదివీవోడివి," అంది.

శ్రీకాకుళంలో కంటి డాక్టరు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నాడు. ముసలితనంలో వచ్చే తెల్లపొర అని నేను అనుకునేది ఇలా కూడా వస్తుందట. లోపలి కటకం ఏళ్లతరబడి మెల్లగా పసుపు తిరుగుతుంది, రోజుకు ఇంత అని తెలియదు కనక మనిషి గుర్తుపట్టడు. ముందు ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పినప్పుడు ఎదురుగా ఉన్న దుప్పటి పాలలా కనిపించింది. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో చూస్తే అదే దుప్పటి టీలో ముంచి ఆరేసినట్టుంది. తెలుపు అంటే ఇదన్నమాట. ఇన్నాళ్లూ నేను లేని తెలుపు కోసం కాదు, ఉన్న తెలుపు కోసమే వెతికాను. అది మాత్రం కాస్త ఊరట.

ఊరట ఇల్లు చేరేదాకానే ఉంది. పెట్టుకున్న నల్లద్దాలు తీసి, కుడి కన్ను మూసుకుని పాత మానిటర్ ముందు కూర్చుని, నేను రెండేళ్లుగా దుకాణాలకు పంపిన ఫోటోలు తెరిచాను. పప్పంతా నీలంగా ఉంది. కొన్ని ఫోటోల్లో మరీ, నీలిమందు ఎక్కువైన తెల్లబట్టలా ఉంది. రంగు తిరిగిన గుండ్లు కూడా పాలలాంటి తెల్లవైపోయాయి. ఇవి చూసి సరుకు చెప్పినవాడు డబ్బా విప్పగానే ఏమనుకుని ఉంటాడో తెలుసుకోవడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. మానిటర్‌ సెట్టింగుల్లో కూడా నేను పెంచి పెట్టిన నీలం ఉంది. మీట నొక్కి మొదటి స్థితికి తెచ్చినా పాత ఫోటోల్లో నీలం పోలేదు. నా భార్య ఆరోజే ఏరిన పప్పుని ఫోటో తీసి, చేట తెర పక్కన పెట్టుకుని చూశాను. రెండూ ఒకటే. అయిదేళ్లనాటి ఆ పేరులేని పెట్టెలో ఏ లోపమూ లేదు.

పెద్దాయనకు ఫోన్ చెయ్యడానికి నాకు ఇంకా మూడు రోజులు పట్టింది. ఎత్తడేమో అనుకున్నాను, ఎత్తాడు. ఉన్నదంతా చెప్పాను. ట్యూబులైట్లు, మానిటర్లు, టెక్కలి దుకాణం, కన్ను, నీలం ఫోటోలు, అన్నీ. నాదే తప్పండీ, ఆ మాటలకు క్షమించండి అన్నాను. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. నేను ఆగాక ముందు అడిగింది, ఇప్పుడు కన్ను బాగుందా అని. తర్వాత చెప్పాడు.

"పప్పు రంగు తేడా వచ్చిందని నేను బాధపడలేదండీ. సరుకన్నాక వస్తుంది. పన్నెండేళ్లు కొన్నాక, నేను అబద్ధమాడుతున్నానని మీరనుకున్నారు చూశారా, అది మాత్రం ఇంకా పోలేదు."

నిజమేనండీ అన్నాను. ఇప్పుడు వేరే ఆయన దగ్గర తీసుకుంటున్నానని కూడా చెప్పాడు, దాచకుండా. ఆ కొత్తాయన పంపే ఫోటోలు ఏమంత బాగుండవట, ఫోన్‌తో తీసి అలాగే పెట్టేస్తాడట. పప్పు మాత్రం ఆ ఫోటోలో ఉన్నట్టే ఉంటుందట. రెండో కంటికి ఆపరేషన్ ఎప్పుడని అడిగాడు. వచ్చే నెలలో అన్నాను. దుమ్ములో తిరగొద్దని, చుక్కలమందు మానొద్దని నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. పప్పు మాట మళ్లీ ఎత్తకుండానే ఫోన్ పెట్టేశాడు.