తబితా వెనక్కి తీసుకున్న రిపోర్టు

తబితా చదువు సంగతి బయటికి పొక్కిన వారానికే ఆమె గడపకు మొదటి కేసు వచ్చింది. ఎదురింటి సువర్ణ కోడిపెట్ట కనపడటం లేదు. "నువ్వు గదేదో సెక్యూరిటీ చదువు చదువుతున్నవంట గదా, మా కోడిని ఎవలు కోసుకున్నరో జర చూసి చెప్పరాదు" అని సువర్ణ గుమ్మంలోనే చతికిలబడింది. కోడి సాయంత్రానికి తనంతట తానే ఇల్లు చేరింది గానీ, పేరు మాత్రం తబితాకు దక్కింది. ఆ రోజు నుంచి భర్త ప్రభు ఆమెను "మా సీఐడీ" అని పిలవడం మొదలుపెట్టాడు.

నిజానికి అది దొంగలను పట్టే చదువు కాదు. భద్రతా రంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన రెండేళ్ల పీజీ, అదీ ఆన్‌లైన్లో. నలుగురు నాలుగు రకాలుగా చెప్పిన కబుర్లను జల్లెడ పట్టి, ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో తేల్చి, ముందు ముందు ఏం జరగొచ్చో అంచనా కట్టి, పైవాళ్లకు ఒక్క పేజీలో రాసివ్వడం నేర్పుతారు. క్లాసులో అందరూ మాజీ సైనికులు, ఎయిర్‌పోర్టు భద్రతవాళ్లు, బ్యాంకులవాళ్లు. వాళ్ల మధ్య ఇల్లందు నుంచి ఈమె ఒక్కతే. తండ్రి పేరు ఆరోగ్యం, ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో దిగి ఎక్కిన కార్మికుడు. ఆమె బొగ్గు లారీల కంపెనీలో కాంటా దగ్గర కంప్యూటర్ కొట్టుకుంటూ మొదలుపెట్టి, కంట్రోల్ రూం దాకా వచ్చింది. పీజీ పూర్తయితే సెక్యూరిటీ ఆఫీసర్ పోస్టు ఆమెకేనని మేనేజర్ మాటిచ్చాడు. క్లాసులు ఆదివారం పొద్దున పెట్టడమే వచ్చిన చిక్కు. "దేవుని దినం పూట గీ దొంగల చదువేందే?" అని తల్లి సవరమ్మ వారం వారం సణిగేది.

పాఠం చెప్పే మధులత మేడం రిటైరైన అధికారి, మాటలో తగ్గేది కాదు. "మీరు రాసింది నిజమని చూపే సాక్ష్యాలు ఎన్నయినా దొరుకుతాయి, ఎవరికి కావాల్సింది వాళ్లకు దొరుకుతుంది. మీ మాట తప్పయితే ఏం కనపడాలో ముందు రాసుకోండి. తర్వాత వెళ్లి దాన్నే వెతకండి" అనేది. తబితా ఆ మాట నోట్సులో రాసుకుంది, కింద రెండు గీతలు గీసింది, పరీక్ష కాగానే మరిచిపోయింది. చదువుకున్నవాళ్లం అందరం చేసేది అదే కదా.

ఆ ఏడాది వానలు ముందే పలకరించాయి. మే నెలాఖరులో ఒక సోమవారం, భద్రాచలం వైపు అడవి దారిలో లారీలు ఆపుతున్నారని కంట్రోల్ రూంకు రెండు ఫిర్యాదులు వచ్చాయి. మంగళవారం రెండు, బుధవారం మూడు. అన్నీ ఒకటే మాట: రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు, డబ్బు ఇస్తే గాని వదలరు, విల్లంబులు పట్టుకున్న మగవాళ్లు అడవిలోకి పోతుంటే కళ్లారా చూశాం. తబితా ఆ చోట్లను మ్యాపులో ఎర్ర చుక్కలుగా పెట్టింది. చుక్కలు రోజుకు ఆరేడు కిలోమీటర్ల చొప్పున ఇల్లందు వైపు జరుగుతున్నాయి. అది చూడగానే ఆమె గుండె ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. రెండేళ్లుగా పుస్తకంలో చదివింది కళ్ల ముందు కదులుతోంది మరి.

గురువారం పొద్దున పదింటికి రిపోర్టు పంపింది. సాయుధ గుంపు ఒకటి డబ్బు వసూలు చేసుకుంటూ బొగ్గు యార్డు వైపు వస్తోంది, ప్రమాదం ఎక్కువ అని అందులో సారాంశం. మేనేజర్ వెంకటేశ్వరరావు సత్తుపల్లి మనిషి, పొగడ్త విషయంలో కొంచెం పిసినారి. ఆయనే ఫోన్ చేశాడు. "భలే రాశావమ్మా! నాలుగింటికి పోలీసులతో మీటింగు ఉంది. ఇదే పెట్టేస్తాను. సాయంత్రానికల్లా బలగాలు అడవిలోకి దిగుతాయి." తబితా ఫోన్ పెట్టేసి కాసేపు ఊరికే నవ్వుకుంది.

ఆ ఊపులోనే, పేర్లు తీసేసి ఆ రిపోర్టునే కాలేజీకి అసైన్‌మెంటుగా పంపుదామని కూర్చుంది. కాలేజీ ఫారంలో ఒక గడి ఉంది: కబురు చెప్పినవాళ్లు ఎవరు, చెప్పాల్సి ఉండీ చెప్పనివాళ్లు ఎవరు? మొదటి సగం నింపింది. ఏడుగురు డ్రైవర్లూ నెల కింద పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లే. ఒకే గదిలో ఉంటారు, ఒకే కుండలో వండుకుంటారు. అంటే ఏడు నోళ్లు కాదు, ఒక్క నోరే. రెండో సగం దగ్గర కలం ఆగిపోయింది. అదే దారిలో రోజూ తిరిగే ఈ ప్రాంతపు డ్రైవర్లు అరవై మంది ఉన్నారు. వాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు.

పన్నెండేళ్లుగా ఆ దారిలో లారీ తోలుతున్న తండా మనిషి జైరాంకు ఫోన్ కలిపింది.

"జైరాం అన్నా, అడవి దారిల లారీలు ఆపుతున్నరంట. నిన్ను ఆపిండ్రా?"

"అవ్ మేడం. మూడు దినాలల్ల మూడు సార్లు ఆపిండ్రు."

"మరి చెప్పలేదేంది?"

"ఏం చెప్పాలె? భూమి పండుగ గదా! ఇత్తనాలు ఏసే ముందు చేసుకుంటరు. ఆడోళ్లు బొంగు అడ్డం పెట్టి, పాట పాడి, పదో ఇరవయ్యో అడుగుతరు. ఏటేటా ఉండేదే. గిదానికి కంప్లైంట్ ఇస్తే నన్ను చూసి నవ్వుతరు."

"పండుగైతే మూడు దినాలు మూడు జాగలల్ల ఎందుకు?"

"గూడేనికో దినం మేడం. అందరు ఒక్కటే దినం చేసుకుంటే సుట్టాలు ఎట్ల వస్తరు?"

"మొగోళ్ల చేతిల విల్లంబులు?"

"ఏటకు పోతరు గదా. ఉత్త చేతులతోని వస్తే ఆడోళ్లు పెండనీళ్లు కుమ్మరిస్తరు. పాపం, వాళ్ల భయం వాళ్లది" అని జైరాం పగలబడి నవ్వాడు.

తబితాకు నవ్వు రాలేదు. చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి ఆ వెదురు బొంగును, ఆ పాటలను ఎన్నిసార్లు చూసిందో. కానీ ఫిర్యాదుల్లో పండుగ అనే మాట లేదు, అడ్డగింత అని ఉంది, వసూలు అని ఉంది, ఆయుధాలు అని ఉంది. బాయి సైరన్‌తో పొద్దు లెక్కపెట్టుకునే కాలనీ పిల్లలందరి తప్పూ ఇదే. కూతవేటు దూరంలో ఉన్న గూడెం పండుగ ఎప్పుడో వాళ్ల గోడ మీది క్యాలెండర్లో ఉండదు.

గడియారం చూసింది. రెండున్నర. విల్లంబులతో అడవిలో ఉన్న మనుషులకు తుపాకులతో ఉన్న మనుషులు ఎదురైతే ఏమవుతుందో తలచుకుని వెంటనే మేనేజర్‌కు ఫోన్ చేసింది. కలవలేదు. స్కూటీ తీసి యార్డు ఆఫీసుకు పరుగెత్తింది. ఆయన కారెక్కుతున్నాడు.

"సార్, నా రిపోర్టు తప్పు. వాళ్లు గూడేలల్ల భూమి పండుగ చేసుకుంటున్నరు. ఆ కాగితం పెట్టొద్దు."

వెంకటేశ్వరరావు ముఖం ముడుచుకుంది. "పొద్దున ఎక్కువన్నావు, ఇప్పుడు లేదంటున్నావు. నీ మాట నమ్మి ఊరుకుంటే, రేపు ఏదన్నా జరిగితే ఎవరమ్మా బాధ్యత? ఆఫీసరు పోస్టు అడిగే మనిషి ఇలా మాట మారుస్తారా?"

ఊరుకుంటే పోయేదేమీ లేదు, ఆమెకు. అయినా కారు తలుపు పట్టుకుంది. "మీరు పోయేది ఆ దారినే గదా సార్. నేను గూడ వస్త. దినానికో గూడెం లెక్కన, పండుగ ఉన్న గూడెం ఇయ్యాల దారిలనే తగలాలె. తగలకుంటే మీ ఇష్టమున్నట్టు చేసుకోండ్రి."

పది కిలోమీటర్లు పోయినా ఏమీ తగల్లేదు. పన్నెండు. రెండు పక్కలా టేకు చెట్లే. తబితా చేతులు నలుపుకుంటూ ప్రార్థన మొదలుపెట్టింది, సవరమ్మ విని ఉంటే మురిసిపోయేది. మలుపు తిరగ్గానే పాట వినిపించింది, ఆ వెంటనే రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు కనిపించింది. దాని వెనక పాతిక మంది ఆడవాళ్లు తలల్లో పూలతో, ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఆడుతున్నారు. అందరిలో పెద్దది, సమ్మక్క అట పేరు, కారు కిటికీలో తల పెట్టి, "సారూ, పండుగ పైసలు" అని చెయ్యి చాపింది. మేనేజర్ బిగుసుకుపోయి వంద నోటు తీశాడు. "చిల్లర లేదు. దిగి మాతోని రెండు అడుగులు ఆడు, సరిపోతది" అంది సమ్మక్క.

ఆయన దిగాడో లేదో, అడవిలోంచి పదిహేను మంది మగవాళ్లు వచ్చారు. భుజాన విల్లంబులు, చేతులు ఖాళీ. ఆడవాళ్లు కోయ భాషలో ఒక్క కేక పెట్టి బకెట్లు అందుకున్నారు. తబితా రిపోర్టులోని సాయుధ గుంపు పేడనీళ్లకు జడిసి చెల్లాచెదురైంది. ఒకడు కారు కింద దూరాడు, ఇంకొకడు మేనేజర్ వెనక నక్కాడు, వాడి మీద పడాల్సిన నీళ్లు మేనేజర్ తెల్లచొక్కాకు తగిలాయి. వెంకటేశ్వరరావు ముందు ఉలిక్కిపడ్డాడు, తర్వాత కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నవ్వు తగ్గాక పోలీసులకు ఫోన్ చేసి, "ఆ కాగితం పెట్టడం లేదండీ. మావాళ్ల అంచనా తప్పింది" అని చెప్పాడు. తబితా వైపు తిరిగి, "వెనక్కి తీసుకుంటున్నానని నీ చేత్తో రాసివ్వమ్మా. పోస్టు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

ఆ "తర్వాత" ఎప్పుడొస్తుందో ఆమె అడగలేదు. కారు బానెట్ మీద కాగితం పెట్టి, నా అంచనా తప్పు అని రాసి, కారణాలు రాసి, సంతకం చేసి ఇచ్చింది. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, ముఖం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తడిసిపోయిన మగవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆ సాయంత్రం తమకు తప్పిందేమిటో వాళ్లలో ఎవరికీ తెలియదు.

సమ్మక్క వచ్చి పక్కన కూర్చుంది. తబితా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"గిట్ల ఏడుస్తరా బిడ్డా? పైసలు లేకుంటే ఇయ్యకు. మేం ఎవలనన్న ఏమన్న అంటమా?"