చెల్లెలి సాక్ష్యం, నా నోరు

నా నోటి తొందర వల్ల మా చెల్లెలి కేసు మొదటి వాయిదాలోనే కొట్టుకుపోయేది. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా చెల్లెలికి పుట్టుకతోనే ఒళ్ళు స్వాధీనంలో లేదు. చక్రాల కుర్చీలోనే ఉంటుంది. గొంతులోంచి శబ్దం వస్తుంది గానీ అది మాటగా బయటికి రాదు. బుర్ర మాత్రం మా ఇంట్లో అందరికంటే చురుకు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే ఆమె చెప్పినట్టు వింటుంది. ఒళ్ళో అట్ట పెడితే, దాని మీదున్న అక్షరాలూ బొమ్మలూ ఒక్కొక్కటే తాకుతూ మాట్లాడుతుంది. అవును అనడానికి కళ్ళు పైకెత్తుతుంది. కాదు అనడానికి గట్టిగా మూసుకుంటుంది.

ఒక్క మాట పూర్తవడానికి నిమిషం పడుతుంది. తొండియార్‌పేటలో రెండు గదుల ఇల్లు మాది. పొద్దున్నే నీళ్ళు పట్టాలి, వంట చూడాలి, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో షిఫ్టుకు నేను పరిగెత్తాలి. అంత ఓపిక ఎవరికుంది చెప్పండి? అందుకని మాకో అలవాటు పడింది. ఆమె రెండక్షరాలు తాకేసరికి మిగతాది మేమే అనేస్తాం. "దోసెనా? ఫ్యాన్ వెయ్యాలా? టీవీనా?" సరిపోతే కళ్ళు పైకి లేస్తాయి. నేను ముందంటే నేను ముందని అమ్మా నేనూ పోటీపడేవాళ్ళం. ఎక్కువసార్లు నేనే గెలిచేదాన్ని. అదంతా ప్రేమ అనుకున్నాను. గొప్ప కూడా అనుకున్నాను.

ఆమె పగలు వెళ్ళే శిక్షణ కేంద్రం నుంచి వ్యాన్ వచ్చేది. అందులో ఇలాంటివాళ్ళని ఎక్కించి దించడానికి ఒక మనిషి ఉండేవాడు, పెళ్ళాం పిల్లలున్నవాడే. ఒకరోజు సాయంత్రం చెల్లెలు ఇంటికొచ్చేసరికి కుడి మణికట్టు వాచిపోయి ఉంది. పడిపోయిందన్నాడు వాడు. ఆసుపత్రిలో ఎముక విరిగిందన్నారు. కట్టు వేసిన చేత్తోనే, వేలు జరిపి జరిపి, ఏడుస్తూ ఆమె చెప్పింది. వాడు రోజూ ఆ చేతిని తువ్వాలుతో సీటు కమ్మీకి కట్టేస్తాడట. ఆమె వేలు పెట్టి ఏదో ఒకటి చూపిస్తూ ఉంటే వాడికి విసుగట. ఆ రోజు కట్టనివ్వకపోతే చేయి మెలిపెట్టాడు.

మాట్లాడే చేతిని కట్టేశాడండీ! నా ఒళ్ళు మండిపోయింది. అమ్మ స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు రాయించింది. డ్రైవరు తనేం చూడలేదన్నాడు. ఆ వ్యాన్‌లో నోరు తెరిచి చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. కాబట్టి అసలు సాక్షి మా చెల్లెలే. ఆమె మాట కోర్టు తీసుకోకపోతే కేసే లేదు, వాడు దర్జాగా మళ్ళీ అదే వ్యాన్ ఎక్కుతాడు.

కోర్టు హాలు మేడ మీద. లిఫ్టు లేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళూ నేనూ కలిసి కుర్చీని పైకి మోశాం. సాక్షుల బోనులో కుర్చీ పట్టకపోతే, మేజిస్ట్రేట్ అమ్మగారు తన బల్ల ముందుకే తీసుకురమ్మన్నారు. అమ్మ కూడా సాక్షే కాబట్టి ఆమెను బయట వరండాలో కూర్చోబెట్టారు. అట్ట చదివి చెప్పడానికి నేను పక్కన నిలబడ్డాను.

వ్యాన్‌లో ఏం జరిగిందో చెప్పమ్మా అన్నాడు ప్రభుత్వ వకీలు. చెల్లెలు ఒక అక్షరం తాకింది. ఇంకోటి తాకింది.

"చేయి కట్టేశాడు!" అన్నాను.

మళ్ళీ ఒక అక్షరం.

"తువ్వాలుతో!"

ఎదుటి వకీలు లేచాడు. కోపం లేదు, నవ్వు మొహం. "ఇందులో సాక్షి ఎవరండీ? కూర్చున్నావిడా, నిలబడ్డావిడా?" అన్నాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఊరుకుంటానా? "అదే చెప్పబోతోంది సార్. మా పాప సంగతి మీకేం తెలుసు?" అని గొంతు పెంచాను.

మేజిస్ట్రేట్ అమ్మగారు పెన్ను కింద పెట్టారు. "అమ్మా, ఆ మాట ఆమె అనలేదు. మీరన్నారు. నేను రాసుకోలేను."

ఇలాంటి సాక్షికి బయటి నుంచి ప్రత్యేక టీచర్ సాయం ఇవ్వాలనీ, అంతా వీడియో తీయాలనీ చట్టంలోనే ఉందట. వచ్చే వాయిదాకు అలాగే ఏర్పాటు చేయమన్నారు. నేను వెనక బెంచీలో కూర్చోవాలి, నోరు తెరిస్తే బయటికి పంపేస్తారు. బయటి మనిషికి అర్థం కాని మాటను సాక్ష్యమని ఎలా అంటారని ఎదుటి వకీలు ఆ రోజే అభ్యంతరం రాయించాడు.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను ఉతికి ఆరేసింది. "వాయి మూసుకోని నిలబడేదానికి ఏందే నీకు కష్టం? ఆడ పొయ్యి కూడా ఈ తొందరేనా?"

"నీకు లేదా ఆ అలవాటు? నన్నే అంటావే!" అన్నాను. చెల్లెలు మా ఇద్దరినీ చూసి, కళ్ళు మూసుకుని పడుకుంది.

రెండో వాయిదాకు టీచరమ్మ వచ్చింది. మమ్మల్ని ఎరగని మనిషి. ప్రమాణం చేసి, చెల్లెలి పక్కన స్టూలు మీద కూర్చుంది. వేలు తాకిన అక్షరాన్ని పైకి చదివేది, అంతే. మాట పూర్తయ్యాక "ఇదేనా?" అని అడిగేది. కళ్ళు పైకి లేచాకే మేజిస్ట్రేట్ అమ్మగారు రాసుకునేవారు. విరిగి అతికిన మణికట్టు వంకరగా ఉంది. వేలు పక్క అక్షరం మీదికి జారిపోయేది. చెల్లెలు దాన్ని మళ్ళీ లాక్కొచ్చేది. హాలంతా ఎదురుచూసేది. మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ అలా ఎదురుచూడలేదు. నేను చున్నీ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

కట్టేసిన సంగతి, మెలిపెట్టిన సంగతి అన్నీ వచ్చాయి. అప్పుడు ఎదుటి వకీలు లేచాడు.

"నెలల తరబడి కట్టేశాడంటున్నావు. చేయి విరిగేదాకా ఒక్కరికైనా చెప్పావా? లేదు. ఇదంతా తర్వాత మీ అక్క నేర్పింది. అవునా?"

నిజమే, విరిగేదాకా ఆమె ఎవరికీ చెప్పలేదు. అయిపోయింది అనుకున్నాను. ఆ వ్యాన్ మనిషి బెంచీ మీద కాలు ఊపుతున్నాడు. చెల్లెలు కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. వేలు కదిలింది.

"చెప్పాను," అని చదివింది టీచరమ్మ.

"ఎవరికి?"

"అక్కకు."

ఇదేమిటి, అబద్ధం చెబుతోంది! నాకు చెప్పలేదే! లేచి అరవబోయి కొంగు కొరికాను.

"అలాగా. మరి అక్క ఏమంది?"

ఈసారి చాలాసేపు పట్టింది. మధ్యలో చెయ్యి నొప్పి పుట్టి ఆగింది కూడా. టీచరమ్మ అక్షరాలన్నీ చదివి, కూడగట్టి, మెల్లగా చెప్పింది. "కిటికీ పక్కన కూర్చో."

అప్పుడు గుర్తొచ్చింది. ఒక చేత్తో టిఫిన్ డబ్బా, పళ్ళ మధ్య హెయిర్‌పిన్నులు, బస్సుకు వేళైంది. చెల్లెలు వ్యాన్ బొమ్మ తాకింది. తర్వాత ఇంకేదో తాకబోయింది. "వ్యాన్‌లో ఉక్కగా ఉందా? కిటికీ పక్కన కూర్చో, నేను చెప్తాలే," అన్నాను. ఆమె కళ్ళు మూసిందో, పైకెత్తిందో నేను చూడనే లేదు. అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను.

ఎదుటి వకీలు కాగితాలు మడిచి కూర్చున్నాడు. అక్క నేర్పిన మాటే అయితే అక్క మీదికే ఎలా వస్తుంది? మేజిస్ట్రేట్ అమ్మగారు అంతా రాయించి, చెల్లెలి చేత వేలిముద్ర వేయించారు. సాక్ష్యం తీసుకున్నట్టే. నన్ను కూడా సాక్షిగా పిలవాల్సి వస్తుందన్నారు. తల ఊపాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కిందికి దిగాక అమ్మ ఆటో కోసం వెళ్ళింది. నేను మెట్టు మీద కూలబడి బోరుమని ఏడ్చాను. "మళ్ళీ ఇంకోతూరి చెప్పుండకూడదా పాపా?" అన్నాను.

ఆమె వేలు అట్ట మీదికి వచ్చింది. మొదటి అక్షరం పడగానే నా నాలుక చివర ఒక మాట లేచింది. మింగేశాను. రెండో అక్షరం, మూడో అక్షరం. జనం మమ్మల్ని తప్పుకుంటూ పోతున్నారు. అక్షరాలు కూడగట్టి చదువుకున్నాను.

"మూడుసార్లు చెప్పాను."

కోర్టులో ఆమె ఒక్కసారి సంగతే చెప్పింది.

ఆటో వచ్చిందని అమ్మ రోడ్డు మీంచి కేకేస్తోంది. ఉండమని చెయ్యెత్తి చూపించి, అట్టను ఆమె ఒళ్ళో సరిగ్గా పెట్టాను.

"ఇంకా ఏమైనా ఉందా?" అని అడిగాను.

ఆమె కళ్ళు పైకెత్తింది.