రెండు డబ్బాల నడుమ మణెమ్మ

నా పరువు పోయిన చోటు చూడాలంటే వనపర్తిలో మా ఇంటికి రండి. ముందుగదిలో రెండు నిలువెత్తు స్పీకర్ డబ్బాలకు ఎదురుగా ఒక పేముకుర్చీ ఉండేది. పోయినేడాది సరిగ్గా ఆ కుర్చీ ముందే, పట్టపగలు, చుట్టం చూస్తుండగా పోయింది. ఎలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ నవ్వినంత మాత్రం నవ్వకండి, పక్కటెముకలు పట్టేస్తాయి.

తప్పంతా మా బామ్మర్ది ఆంజనేయులుది. (ఈ మాట మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మీరైనా ఒప్పుకోండి.) మా ఆవిడ మణెమ్మకు తమ్ముడు, అమరచింతలో సేద్యం. మా పెండ్లయిన నాటి నుంచి, వచ్చినప్పుడల్లా చెప్పులు విడవకముందే ఒకటే మాట: "మా అక్క నాటేస్తు పాడితే బాటన పోయేటోళ్లు నిలవడి వింటుండిరి. నీ ఇంటికొచ్చినంక ఆ గొంతు సచ్చింది బావ." మంచినీళ్లు ఇచ్చినా ఇదే మాట, మటన్ పెట్టినా ఇదే మాట. నా జ్ఞాపకశక్తి పాడుగాను, ఏ పండుగకు ఏ మటన్ బొక్క కొరుకుతూ అన్నాడో కూడా చెప్పగలను.

అయితే నా దగ్గర సాక్ష్యం ఉంది. కొత్త కాపురంలో మణెమ్మ నాట్లలో పాడుతుంటే గట్టు మీద కూర్చుని టేప్‌రికార్డర్‌లో పట్టిన క్యాసెట్టు. దాన్ని కంప్యూటర్ షాపులో ఫైలుగా మార్పించాను. ఇక ఆ గొంతును బామ్మర్ది చెవుల్లో పోయడానికి తగిన యంత్రం కావాలి.

నేను బడికి పోయింది తక్కువ. రేడియో విప్పి, షాకు తిని, మళ్లీ విప్పి సంపాదించిన విద్య నాది. ఫోన్లో నెలల తరబడి చదివాను. ఫైలులోని పాట వట్టి అంకెల మూట అనీ, ఆ మూట విప్పి కరెంటుగా మార్చే పెట్టెను డ్యాక్ అంటారనీ, ఆ కరెంటుకు బలం పోసేది యాంప్లిఫయర్ అనీ మణెమ్మకు రోజూ అన్నం ముందు పాఠం చెప్పేవాణ్ని. "సరే గని, కూర సల్లారుతుంది" అనేది.

హైదరాబాద్ షాపులో అన్నీ ఏరుకున్నాక సేల్స్‌మన్ ఒక వైరు చుట్ట తెచ్చాడు. "పెద్దాయనా, ఇది కూడా తీసుకోండి. ఎర్రది ప్లస్, నల్లది మైనస్. తికమక ఉండదు."

తికమకా? నాకా? ఊళ్లకు ఊళ్ల బోరు మోటర్లకు కనెక్షన్ ఇచ్చినవాణ్ని! "మా ఇంట్ల బోరు కేబుల్ ఉంది. అసలు రాగి. నీ వైరు నువ్వే ఉంచుకో" అని ఛాతీ విరుచుకుని వచ్చేశాను.

పాఠకులారా, ప్రళయం మొదలైంది ఇక్కడే. బోరు కేబుల్లో ఉండేవి ఎరుపు, పసుపు, నీలం. మోటరుకైతే ఫరవాలేదు. ఎలాగైనా కట్టు, ఉల్టా తిరిగితే రెండు వైర్లు అటూ ఇటూ మార్చు, నీళ్లు దూకుతాయి. యాంప్లిఫయర్ దగ్గర పసుపును ప్లస్ అనుకున్నాను. మొదటి డబ్బాకూ అలాగే బిగించాను. అంతలో మణెమ్మ టీ ఇచ్చింది. తాగి లేచి, రెండో డబ్బా దగ్గర నీలాన్ని ప్లస్ చేశాను. (కాబట్టి టీకి కూడా ఇందులో భాగం ఉంది.) ఒక్కో డబ్బాకు చెవి ఆనించి విన్నాను. దేనికదే గంటలా మోగింది.

ఆదివారం ఆంజనేయులు వచ్చాడు. పేముకుర్చీని రెండు డబ్బాలకు సరిగ్గా నడుమ వేసి కూర్చోబెట్టాను. "కండ్లు మూస్కో. మీ అక్క గా రెండిటి నడుమ నిలవడి పాడుతది. పాడకపోతే ఈ డబ్బాలు నీ బండిల ఏసి అమరచింతకు పంపుత. పాడిందా, గొంతు సచ్చిందన్న మాట జన్మల ఎత్తొద్దు."

"కానియ్ బావ."

పాట మొదలైంది.

"బావ, అక్క యాడుంది?"

"నడుమ లేదా?"

"నడుమ ఎవ్వరు లేరు. బాయిలకెల్లి పిలుస్తున్నట్టుంది."

"ఆగు, సౌండ్ పెంచుత."

"గిప్పుడు బాయి పెద్దగయింది."

వంటింట్లోంచి మణెమ్మ, "మంచిగనే వినొస్తుంది గదా!" అంది. వంటింటికి ఒక్క డబ్బాయే దగ్గర.

"విన్నవా? లోపం నీ చెవులది. దవాఖానకు పో."

"నువ్వొచ్చి కూసో మరి."

కూర్చున్నాను. గొంతు నిజంగానే బావిలోంచి వస్తున్నట్టు, ఏడు నీళ్లు పోసిన మజ్జిగలా ఉంది. పైకి అంటానా? "డిజిటల్ అంటే గిట్లనే ఉంటది. నీకు అలవాటు లేదు" అన్నాను.

ఆంజనేయులు డబ్బాల వెనక్కి వెళ్లి వంగి చూశాడు. లేచేసరికి ముఖం లాటరీ తగిలినవాడిలా వెలిగిపోతోంది.

"బావ, గిది బోరు కేబుల్ గదా?"

"అయితే?"

"నా మోటరు నీళ్లు పొయ్యకుంటే, ఊరందరి ముందట నన్నేమంటివి? యాదికున్నదా?"

యాదికి లేకపోవడమా! వాడు అచ్చం నా గొంతుతో, వేలు ఆడిస్తూ అన్నాడు: "'ఉల్టా కట్టినవ్ రా దద్దమ్మ! రెండు వైర్లు మార్చు!'"

అప్పుడు తలకెక్కింది. ఒక డబ్బా గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి గుంజుతోంది. నడుమ మణెమ్మ మాయం. అయినా మోటరైతే ఉల్టా తిరగడం కనబడుతుంది, డబ్బా తిరగదే!

"మార్చు బావ, నేను వింటుంట" అని వాడు కుర్చీలో మళ్లీ కళ్లు మూశాడు. నేను యాంప్లిఫయర్ ప్లగ్గు పీకి, రెండో డబ్బా వెనక తల దూర్చి, మర విప్పుతున్నాను. పాట వచ్చింది. ఏం పాట! గొంతు రెండు డబ్బాల నడుమ నిలువునా నిలబడింది.

"ఆహా! గిదీ! గిప్పుడొచ్చింది మా అక్క!" అన్నాడు ఆంజనేయులు. "బావ, తప్పయింది. గొంతు సావలే!"

"చూసినవా? కనెక్షన్ అంటే గిది!" అన్నాను డబ్బా వెనక నుంచే.

"ఊపిరి తీస్కుంటే సుత వినొస్తుంది బావ!"

"అదే డ్యాక్ గుణం! ఊకెనే తెచ్చిననా?"

అంటూ నుదుటి చెమట తుడుచుకోబోతే ఏదో గట్టిగా తగిలింది. చూస్తే, నా చేతిలో ప్లగ్గు. పసుపు, నీలం ఇంకా గాలిలో వేలాడుతున్నాయి. తల బయటికి తీశాను. రెండు డబ్బాల నడుమ మణెమ్మ, చేతిలో గరిటె.

"పాట నడుమల ఆపితివి. మిగిలింది నోట్లకొచ్చె, పాడితి" అంది. "ఇన్నేండ్లల్ల పాడుమని ఒక్కనాడన్న నన్నడిగితివా? పోయి పోయి డబ్బాలనడుగుతున్నవ్."

ఆంజనేయులు కళ్లు తెరిచాడు. అక్కను చూశాడు, నా చేతిలో ప్లగ్గును చూశాడు. కుర్చీ కిర్రుమనేటట్టు నవ్వి, చివరికి కళ్లు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు: "మాటంటే మాటే బావ. అక్క నడుమ నిలవడే పాడింది. డబ్బాలు ఉంచుకో."

కాబట్టి సూర్యచంద్రులు, యాంప్లిఫయర్, మా బామ్మర్ది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ప్లస్ ఏదో చూడకుండా ఏ వైరూ బిగించను. ప్లగ్గు చేతిలో పట్టుకుని నా కనెక్షన్‌ను నేనే పొగుడుకోను. టీ తాగితే మళ్లీ మొదటి నుంచి చూస్తాను.

వైర్లు ఆ సాయంత్రమే సరిచేశాను. డబ్బాలు ఇప్పుడు బ్రహ్మాండంగా పాడతాయట, విన్నవాళ్లు చెబుతున్నారు. నేను వినలేదు. నా పేముకుర్చీ వంటింటి గుమ్మం దగ్గర ఉంది.