డిడ్ కాదు, మేడ్

మొఘల్‌పురాలో ఆ బడి గేటు దాటితే తెలుగు బంద్, ఉర్దూ బంద్. లోపల ఇంగ్లీషే మాట్లాడాలని గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు. అది పిల్లలకే కాదు, టీచర్లకూ, ఆయమ్మలకూ, ఆఖరికి వాచ్‌మన్ బాబురావుకూ. బాబురావు తెలివైనవాడు. రూలు వచ్చిన నాటి నుంచి గేటు లోపల నోరు విప్పడమే మానేసి చేతి సైగలతో కొలువు నెట్టుకొస్తున్నాడు. వీణకు ఆ వీలు లేదు. ఆమె మూడో తరగతికి క్లాస్ టీచర్. మాట్లాడటమే ఆమె ఉద్యోగం.

వీణ పుట్టిందీ పెరిగిందీ ఛత్రినాకలో. సర్కారు బడిలో తెలుగు మీడియం చదివింది. డిగ్రీ పరీక్షలు ఇంట్లోనే చదువుకుని ప్రైవేటుగా కట్టింది. భర్త రామ్‌చందర్ నల్లా పైపుల పని చేస్తాడు. కొడుకు అక్షయ్‌ను బడిలో వేసే వయసు వచ్చినప్పుడు, టీచర్ల పిల్లలకు ఫీజు మాఫీ అని ఎవరో చెబితే ఆమె కూడా అదే బడిలో చేరిపోయింది. వాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాడి చదువు ఆ బడిలో సాగాలంటే ఆమె ఆ బడిలో ఉండాలి. తల్లీకొడుకులిద్దరిదీ ఒకే తాడు.

చేరిన కొత్తలో ఇంత పట్టింపు లేదు. లెక్క ఇంగ్లీషులో చెప్పి, బిక్కమొహం వేసినవాళ్లకు తెలుగులోనో, తనకొచ్చిన ఉర్దూలోనో మళ్లీ చెప్పేది. తర్వాత బడి నడిపే కరస్పాండెంట్ సార్ క్లాసు క్లాసుకూ కెమెరా పెట్టించాడు. మనిషి కనపడటమే కాదు, మాటా వినపడుతుంది. తల్లిదండ్రులు ఇంట్లో ఉల్లిగడ్డలు కోసుకుంటూ ఫోన్లో క్లాసు చూసుకోవచ్చు. ఇంగ్లీషు రూలు దాని వెనకే వచ్చింది.

అప్పటి నుంచి వీణ మాటలను జోడు జోడుగా బట్టీ పట్టింది. 'పే అటెన్షన్', 'కీప్ క్వైట్', 'టేక్ యువర్ సీట్'. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో నేర్చుకుంది గానీ, ఎందుకు కూర్చుంటుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అటెన్షన్‌ను ఇవ్వకూడదు, 'పే' చేయాలి. వాన 'బిగ్' కాదు, 'హెవీ'. టీ మాత్రం 'హెవీ' కాదు, 'స్ట్రాంగ్'. జలుబును 'క్యాచ్' చేయాలి. అదే వచ్చి మనల్ని పట్టుకున్నా, మనమే దాన్ని పట్టుకున్నట్టు చెప్పాలి. ఇక 'మేక్', 'డూ' దగ్గరికి వచ్చేసరికి ఆమెకు చెమటలు పట్టేవి. తెలుగులో ఒక్క 'చేయడం' ఉంటే చాలు. వంట చేసిన, స్నానం చేసిన, పని చేసిన, తప్పు చేసిన. జలుబు కూడా 'చేస్తది'. ఇంగ్లీషోళ్లు ఆ ఒక్కదాన్ని ముక్కలు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో గుంజకు కట్టేశారు.

బట్టీ పట్టిన వాక్యాల మధ్యన ఉన్నంతసేపు ఆమెకు ఏ ఫికరూ లేదు. వాటి నుంచి ఒక్క అడుగు బయట పెట్టిందంటే నాలుక తడబడేది. అందుకే అడుగు బయట పెట్టడం మానుకుంది. పిల్లాడు మోకాలు కొట్టుకుని వచ్చినా 'బీ కేర్‌ఫుల్', జ్వరమొచ్చినా 'టేక్ రెస్ట్'. బడిలో ఎదురుపడితే అక్షయ్ కూడా "గుడ్ మార్నింగ్, మేడమ్" అంటాడు. ఆమె "గుడ్ మార్నింగ్" అంటుంది. పొద్దున చద్దన్నం తినకుండా వచ్చాడు, ఆకలేస్తుందేమో అడుగుదామనుకుంటుంది. ఈలోపు వాడు దాటిపోతాడు.

ఆ బుధవారం మూడో తరగతిలో పాఠం పేరు 'మై డే'. పిల్లలు ఒక్కొక్కరే లేచి పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారో చెప్పాలి. 'ఐ హ్యావ్ ఎ బాత్', 'ఐ మేక్ మై బెడ్', 'ఐ డూ మై హోంవర్క్'. ఒకరు తప్పు చెబితే పక్కవాళ్లు చెయ్యెత్తి దిద్దాలి. ఈ పద్ధతి కూడా కరస్పాండెంట్ సార్ పెట్టిందే.

హఫ్సా వంతు వచ్చింది. సన్నగా, ఎప్పుడూ జారిపోయే స్కార్ఫును సవరించుకుంటూ ఉండే పిల్ల. కొన్నాళ్లు రాలేదు. ఇంట్లో ఎవరో పోయారని ఆఫీసులో చెప్పారు గానీ, ఎవరో వీణకు తెలియదు. హఫ్సా లేచి నిలబడింది.

"మై దాదా టేక్స్ మీ టు స్కూల్."

ఫర్హాన్ చెయ్యి టక్కున లేచింది. "టీచర్, హర్ దాదా ఎక్స్‌పైర్డ్. నాట్ టేక్స్. టుక్."

"గుడ్, ఫర్హాన్," అన్నది వీణ. "టుక్."

మాట నోట్లోంచి వచ్చాక గానీ అదేమిటో ఆమె చెవికి చేరలేదు. హఫ్సా "టుక్" అని నోట్లో అనుకుంది. కూర్చుంది. తల బల్ల మీద పెట్టుకుంది. వీపు ఎగిరెగిరి పడుతోంది.

వీణ గబగబా దగ్గరికి వెళ్లింది. "డోంట్ క్రై," అన్నది. "డ్రింక్ సమ్ వాటర్." ఆ పైన చెప్పడానికి ఆమె దగ్గర ఇంగ్లీషులో ఒక్క ముక్క లేదు. ఇన్నాళ్లూ పోగేసుకున్న వాక్యాల్లో, తాత చచ్చిపోయిన పిల్లకు చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. తలెత్తి చూసింది. గోడ మీద కెమెరా ఎర్ర చుక్కతో చూస్తోంది.

హఫ్సాను భుజం పట్టుకుని లేపింది. మిగతా పిల్లలకు "రీడ్ యువర్ లెసన్" అని చెప్పి, వరండా చివర మెట్ల కిందికి తీసుకుపోయింది. అక్కడ చీపుర్లు, బకెట్లు పెడతారు. కెమెరా లేదు. వీణ కింద కూర్చుని పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"తాతనా బిడ్డా, పోయింది?"

"దాదా రోజ్ ఛోడ్‌తే థే, టీచర్," అంది హఫ్సా వెక్కుతూ. రోజూ దాదానే దింపేవాడట. స్కూటర్ మీద తను ముందర నిలబడేదట. సందు మలుపులో హారన్ తనతోనే కొట్టించేవాడట. ఇప్పుడు అబ్బా తీసుకొస్తున్నాడట, వెనక కూర్చోబెట్టి.

"ముందర నిలబడతనని అడగకపోయినవ్?"

"పెద్దగైనవ్ అంటున్నడు."

"యేడ్వు తల్లీ, యేడ్వు. యేం కాదు. నా దగ్గర యేడ్వు."

పిల్ల ఏడ్చింది. వీణ పేరుతో మొదలుపెట్టి ఆ ముసలాయన సంగతులన్నీ అడిగింది. ఆయన పేరు అబ్దుల్ వాహెద్ అని, పాన్ నములుతూ పాటలు పాడేవాడని, హఫ్సాకు పళ్లు ఊడితే నవ్వేవాడని తెలిసింది. ఇద్దరూ ముక్కులు తుడుచుకుని క్లాసులోకి వచ్చేసరికి పిల్లలు బెంచీలెక్కి లొల్లి చేస్తున్నారు.

ఆ లొల్లిని ఎవరో తల్లి ఇంట్లో ఫోన్లో చూసింది. టీచర్ లేని క్లాసును ఫోటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి 'పిల్లల్ని వదిలేసి టీచర్ ఎటు పోయింది' అని గ్రూపంతా అదే మాట.

మర్నాడు కరస్పాండెంట్ సార్ పిలిచాడు. చెడ్డవాడేం కాదు. గొంతు పెంచడు. ఎదురుగా కుర్చీ చూపించి, ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు, ఏం జరిగిందో మీ సొంత మాటల్లో చెప్పండి మేడమ్ అని.

సొంత మాటలు. వీణ సొంత మాటలు గేటు బయట ఆగిపోయి చాలా కాలమైంది. హఫ్సా, దాదా, స్కూటర్, మెట్ల కింద చీపుర్లు అన్నీ నోటిదాకా వచ్చాయి గానీ, ఏ మాటకు ఏ మాట జోడో తెలియక అక్కడే గుమిగూడి నిలిచిపోయాయి. చివరికి తోసుకుని ఒక్కటి బయటపడింది.

"సార్, ఐ డిడ్ నాట్ డూ మిస్టేక్."

ఆయన ముఖం కొద్దిగా ముడుచుకుంది. "మేక్, మేడమ్. మిస్టేక్‌కు డూ రాదు. డిడ్ కాదు, మేడ్. మేడ్ ఎ మిస్టేక్. సే ఇట్."

పన్నెండేళ్లుగా ఎవరు దిద్దినా వెంటనే తిరిగి చెప్పడం ఆమెకు అలవాటైపోయింది. కొడుకు దిద్దినా అంతే.

"ఐ మేడ్ ఎ మిస్టేక్, సార్."

"దట్స్ ఓకే," అన్నాడాయన దయగా. "ఎవ్రీబడీ మేక్స్ మిస్టేక్స్." టీచర్ తప్పు ఒప్పుకుందని గ్రూపులో రాయించాడు. సోమవారం నుంచి ఆమెను నర్సరీకి మార్చాడు. మూడో తరగతి వేరొకరికి ఇచ్చారు.

సాయంత్రం ఇంట్లో బియ్యం కడుగుతుంటే అక్షయ్ వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నువ్ తప్పు ఒప్పుకున్నవంట?"

"ఒప్పుకోలేదురా. చెయ్యలేదనే చెప్పబోయిన. మధ్యల సార్ దిద్దిండు. దిద్దినదాన్ని తిరిగి చెప్పిన. అంతే."

"మిస్టేక్ అని ఎందుకన్నవ్? 'ఐ డిడ్ నథింగ్ రాంగ్' అంటే అయిపోతుండె."

వీణ చెయ్యి గిన్నెలో ఆగింది. "డిడ్ అంటరా? డూ రాదన్నడు గదరా సార్?"

"మిస్టేక్‌కు రాదు. గిక్కడ వస్తది."

"అంటే, తప్పు చేసిన అనాలంటే మేడ్. తప్పు చెయ్యలే అనాలంటే డిడ్."

"గట్లనే అనుకో."

"గట్లెందుకు?"

"తెల్వదమ్మా. అంటరు గట్ల."

రామ్‌చందర్ పైపుల సంచి మూలకు పెడుతూ ఇదంతా విన్నాడు. "పోనియ్యరాదు," అన్నాడు. "కొలువైతే ఉంది గదా."

కొలువుందన్న మాటే ఆమెను గట్టిగా కట్టేసింది. అయినా మర్నాడు పొద్దున ఛత్రినాక నుంచి నడిచి వస్తూ దారి పొడవునా ఆ వాక్యాన్నే మననం చేసుకుంది. ఐ డిడ్ నథింగ్ రాంగ్. ఆటోలు, పాల బండ్లు, తోసుకెళ్లే జనం. పక్కన నడిచే మనిషి వింతగా చూసినా ఆపలేదు. బడికి రాగానే నేరుగా ఆఫీసుకు పోయింది. సార్ ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడు.

"సార్, ఐ డిడ్ నథింగ్ రాంగ్."

ఆయన తలెత్తాడు. ముఖం విప్పారింది. "పర్ఫెక్ట్, మేడమ్! చూశారా, ప్రాక్టీస్ చేస్తే వస్తుంది." మళ్లీ ఫోన్లోకి చూస్తూ, ప్రేయర్ బెల్ అయింది, వెళ్లండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె ఇంకా నిలబడే ఉంది. వాక్యంలో తప్పు లేదు. దిద్దడానికి ఆయనకు ఏమీ దొరకలేదు. అందుకని వినడానికి కూడా ఏమీ దొరకలేదు.

తర్వాతి వారం ఒక రోజు బడి వదిలాక హఫ్సా తల్లి కుబ్రా గేటు దగ్గర ఎదురుచూస్తూ కనపడింది. వీణ ఆమెను వెంటబెట్టుకుని గేటు దాటి, గోడ మలుపు దాకా నడిచాక గానీ ఆగలేదు.

"టీచరమ్మా, మా మామ పోయినంక మా పిల్ల ఒక్క చుక్క ఏడ్వలేదు," అన్నది కుబ్రా. "అన్నం ముట్టలేదు. నీతోని ఏడ్చి వచ్చినంక ఇంటికొచ్చి కడుపు నిండ తిన్నది. మళ్ల నువ్వే కావాలంటున్నది. నిన్ను ఎందుకు మార్చిండ్రు?"

వీణ తల వంచుకుంది. "అసలు ఆమెను ఏడిపించిందే నేనమ్మా. 'టేక్స్' అన్నది పాపం. 'టుక్' అన్న పోరడికి నేను గుడ్ అన్న. పోయిన మనిషిని గుడ్ అని చెప్పి మళ్ల పంపించినట్టయింది. గదీ నేను చేసిన తప్పు. వాళ్లు అడిగిన తప్పు నేను చెయ్యలే. చేసిన తప్పు ఎవ్వరూ అడగలే."

కుబ్రా వీణ చెయ్యి పట్టుకుంది. "ఆమె గది చెప్పలేదమ్మా. మెట్ల కింద మాట్లాడిందే చెప్పింది. నేను సార్‌తోని మాట్లాడతా. తెలుగులనే మాట్లాడతా, ఏం చేస్తడు?"

"వద్దమ్మా. మా పిలగాడు వచ్చే యేడు టెన్త్. గీ ఒక్క యేడు గడవనీ."

కుబ్రా అయినా వెళ్లింది. మ్యాటర్ క్లోజ్డ్ అని ఆఫీసులోనే చెప్పి పంపించారు.

నర్సరీలో పిల్లలకు ఏ భాషా పూర్తిగా రాదు. అమ్మ కావాలని తెలుగులో ఏడ్చేవాళ్లు కొందరు, ఉర్దూలో ఏడ్చేవాళ్లు కొందరు. వీణ అందరికీ 'బీ ఎ గుడ్ బాయ్', 'బీ ఎ గుడ్ గర్ల్' చెబుతుంది. చెబుతూనే వీపు నిమురుతుంది. నిమరడానికి రూలేదీ లేదు. ఒక్క యేడు, ఒక్క యేడు అనుకుంటూ ఎండాకాలం దాటించింది. జూన్‌లో అక్షయ్ పదో తరగతికి వచ్చాడు. పరీక్షలైన నాడే రాజీనామా ఇస్తానని రామ్‌చందర్‌తో చెప్పి పెట్టింది. ఆయన సరేనన్నాడు. తర్వాత ఏం చేయాలో కూడా అనుకున్నది. ఇంట్లోనే ట్యూషన్ పెట్టి, పిల్లలకు ఇష్టమొచ్చిన భాషలో చెప్పాలని.

ఆగస్టులో ఒక రోజు ప్రేయర్ అయ్యాక కరస్పాండెంట్ సార్ మైకు అందుకున్నాడు. వచ్చే యేడు మన సంస్థ జూనియర్ కాలేజీ మొదలుపెడుతోందని, స్టాఫ్ పిల్లలకు అక్కడ కూడా ఫీజు మాఫీ అని ప్రకటించాడు. తల్లిదండ్రులు సర్వీసులో ఉన్నంత కాలం, అని కలిపాడు.

టీచర్లంతా చప్పట్లు కొట్టారు. పదో తరగతి వరసలోంచి అక్షయ్ తల తిప్పి తల్లి వైపు చూశాడు. వాడి కళ్లలో సంతోషమూ ఉంది, అమ్మ ఏమంటుందోనన్న భయమూ ఉంది. ఎదురుగా కెమెరా ఉంది. నర్సరీ పిల్లలు తననే చూస్తున్నారు, ఆమె ఏం చేస్తే అది చేయడానికి. వీణ చేతులెత్తి చప్పట్లు కొట్టింది.