పెడళ్లు వద్దన్న బేరం

పాతబస్తీల అబద్ధం నమ్మి మోసపోయినోళ్లు వేలమంది ఉంటరు. దుకాందారు చెప్పిన నిజాన్ని నమ్మక మునిగినోణ్ణి మాత్రం నేనొక్కణ్నే. ఆ రికార్డు ఇప్పటిదాంక ఎవరూ కొట్టలే. అప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు, అంటే లోకంల అన్నీ తెలిసిన వయసు.

మాది గాజుల దుకాణం. తప్పటడుగులు వేసేటప్పటి సంది బాపు నాకు ఒక్కటే పాఠం చెప్పిండు: "దుకాందారు ఒక సరుకును పట్టుకొని 'ఇదే అసలు మాల్' అని రెండుసార్లు అన్నడంటే, అది అమ్ముడుపోని సరుకు బిడ్డా." ఆ మాట ఆయన గిరాకులతోని దినాం రెండుసార్లు అంటనే ఉండె, గందుకే నాకు బాగ ఎక్కింది.

దుకాణం మూసినంక ఉప్పుగూడల మా ఇంట్ల స్టీల్ గిటార్ ఒళ్లె పండవెట్టుకొని, తీగల మీద ఇనుప ముక్క జరుపుకుంట వాయించేటోణ్ని. స్టేషన్ల రైలు కూతనే నయం అనేది మా చెల్లె. కళాకారుని బాధ ఇంట్లోళ్లకు ఏం తెలుస్తది?

పెళ్లిళ్లల్ల వాయించే ఆర్కెస్ట్రా నడిపే సత్తార్ భాయ్ ఒకనాడు నా వాయింపు విన్నడు. "ఒళ్లె పెట్టుకునేది వద్దు. కాళ్ల మీద నిలబడే పెద్ద స్టీల్ గిటార్ ఉంటది, గది తే. తీగ ఏడ్వాలె. ఏడ్పించినవంటే ప్రతి ప్రోగ్రాంల కుర్సీ నీదే" అన్నడు.

నాకు అన్నం సయించలే. ఆ కుర్సీ కోసం ఊరంత తిరిగి, ఆఖరికి పాత సామాన్లమ్మే రహీం చాచా దుకాణంల పట్టిన. నాలుగు కాళ్ల బల్ల, మీద పది తీగలు, కింద మూడు పెడళ్లు, వాటికెల్లి పైకి సన్న కడ్డీలు. ఇస్త్రీ బల్లకూ కుట్టు మిషనుకూ పెండ్లి చేస్తే పుట్టిన పిల్ల లెక్క ఉన్నది.

"ఏడువేలు, బేటా."

"మూడువేలు, చాచా. ఇస్త్రీ కూడ చేసుకోవచ్చంటే ఇంకో వంద."

మూడుసార్లు గడప దాటిన, మూడుసార్లు తిరిగొచ్చిన. అయిదువేల కాడ చాచా గోడ లెక్క నిలబడ్డడు. అప్పుడు మా గిరాకుల విద్య బయటికి తీసిన: డజను గాజులల్లకెల్లి రెండు పక్కకు పెట్టి, "ఇవి లేకుంట ఎంత?" అని అడుగుతరు సూడుండ్రి, గది.

"చాచా, ఈ కింది పెడళ్లు, కడ్డీలు తీసేస్తే ఎంత?"

చాచా గుండె మీద చెయ్యి పెట్టుకున్నడు. "అరే, వద్దు బేటా! ఇదే అసలు మాల్."

నేను చెప్పులల్ల కాళ్లు పెట్టిన.

"నా మాట ఇను. ఇదే అసలు మాల్!"

రెండుసార్లు! లోపల్లోపల ఎగిరి గంతేసిన. "నేను వాయించేటోణ్ని చాచా, దర్జీని గాదు. తొక్కుడు పని నాకెందుకు?"

చాచా నన్ను చూసిండు, పెడళ్లను చూసిండు, ఎవరి మీద జాలిపడాల్నో తెలువక పానా తీసుకొని విప్పిండు. మూడువేల ఎనిమిదివందలకు ఖతం. ఇంటికి ఏనుగెక్కి వచ్చినట్టు రిక్షాల వచ్చిన.

ఎల్లుండి ఓ పెండ్లోళ్ల విందు, వలీమా దావత్‌ల ప్రోగ్రాం అనంగ సత్తార్ భాయ్ చూడొచ్చిండు. "మస్తున్నది. ఏది, పెడల్ తొక్కు."

"పెడల్ ఎందుకు భాయ్?"

"ఎందుకేంది? కాలితోని తొక్కితే కడ్డీ గుంజుతది. మిగిలిన తీగలు కదలయి, ఒక్క తీగ మాత్రం పైకి ఎక్కుతది. ఏడ్చుడంటే గదే. ఏవీ పెడళ్లు?"

"పాలిష్‌కు ఇచ్చిన."

"ఎల్లుండి ఏడ్వకపోతే కుర్సీ లేదు" అని పోయిండు. తీగ సంగతేమో గని, నేను మాత్రం అప్పుడే మొదలువెట్టిన.

చాచా కాడికి ఉరికిన. "నువ్వే గద పనికిరాదన్నవు బేటా. పొద్దుగాలే కిలో లెక్కన పాత ఇనుపోనికి ఇచ్చేసిన."

ఆదుకున్నోడు పక్క దుకాణంల తాళాలు బాగుచేసే యాదగిరి. బల్ల కిందికి తలపెట్టి చూసిండు. "కడ్డీ తగిలించే ఈ చిన్న ఇనుప కొక్కేన్ని పట్టకారుతోని గుంజితే తీగ ఎక్కుతది. నేను కింద కూసుంట. నువ్వు కాలితోని నేల మీద కొట్టు, నేను గుంజుత."

వలీమానాడు బల్ల చుట్టూ ఎర్ర చద్దర్ కట్టి యాదగిరిని లోపల పెట్టినం. మొదటి పాటకు తీగ ఎట్ల ఏడ్చిందంటే, ముందు వరుసల ఓ పెద్దాయన రుమాలు తీసిండు. సత్తార్ భాయ్ నన్ను చూసి తలూపిండు. కుర్సీ నాదే!

గా సంతోషమే కొంపముంచింది. రెండోది జోరు పాట. జోరు పాట వస్తే నా కాలు నా మాట వినదు, తాళమేస్తది. నేనొక్క దెబ్బ కొడితే కింద ఒక్క గుంజుడు. గిటార్ కసాయి దుకాణం ముందు మేకపిల్ల లెక్క "మ్యా, మ్యా" అనవట్టింది.

"గుంజకురా!" అన్న పండ్ల సందులకెల్లి.

"నువ్వు కొట్టకు!" అన్నది చద్దర్.

"అది తాళంరా!"

"నాకేమెరుక? వేలు నలిగింది, నీ తాళం పాడుగాను!"

గిటార్ సప్పుడొచ్చే స్పీకర్ డబ్బా ముందటి మైకు బల్లకు ఆనుకొనే ఉండె. హాలంత విన్నది. పెండ్లికొడుకు లేచొచ్చి చద్దర్ ఎత్తిండు. చెమటల తడిసిన యాదగిరి పట్టకారు పట్టుకొనే, "సలామాలేకుం, ముబారక్" అన్నడు. జనం బిర్యానీ ప్లేట్లు పట్టుకొని స్టేజీ కాడికి ఉరికొచ్చిండ్రు.

ప్రోగ్రాం అయినంక సత్తార్ భాయ్ ముందు తల వంచుకొని నిలబడ్డ.

"ఇన్నేండ్లల్ల పాట కోసం బిర్యానీ కాడికెల్లి లేచినోణ్ని చూడలే. కుర్సీ ఇస్తున్న."

కాళ్లు మొక్కబోయిన.

"ఆగు. ఒక్క గిటార్, ఒక్కటే కూలి. ఇద్దరు పంచుకోండ్రి. చద్దర్ మాత్రం వద్దు, జనానికి కిందున్న గాయన కనవడాలె."

"వాయించే మెహనత్ నాది గద భాయ్!"

"ఏడ్పించేది గాయన."

యాదగిరి వంగి సలాం కొట్టిండు, నాకు గాదు, భాయ్‌కి.

అందుకని పట్టకారు ముట్టి ఒట్టు పెట్టుకున్న: వస్తువు గురించి దుకాందారు చెప్పింది నమ్ముత; ధర గురించి చెప్పింది మాత్రం పానం పోయినా నమ్మ.

ఇగ లెక్క, దాచకుంట చెప్త. గిటార్‌కు మూడువేల ఎనిమిదివందలు. ప్రోగ్రాంకు రెండువందలల్ల యాదగిరి సగం, అంటే వంద చొప్పున, ముప్పై ఒక్క ప్రోగ్రాంలకు మూడువేల వంద. ఆ తర్వాత లేత్ మిషనాయనతోని కొత్తగ చేయించిన పెడళ్లకు, కడ్డీలకు రెండువేల ఆరువందలు. యాదగిరి వేలికి పట్టీ, నడుముకు బామ్, నలభై. మొత్తం తొమ్మిదివేల అయిదువందల నలభై.

పెడళ్లతోని సహా ఇస్తనని చాచా అన్నది అయిదువేలు.