నల్లోడి పట్టెడ మేకులు

ఈ రోజు తెల్లవారుజామున మక్తల్ దగ్గర మా గొర్రెల మందపై తోడేలు పడింది. అడ్డం పోయిన మా కుక్క నల్లోడిని గొంతు పట్టి ఈడ్చింది. నేను గొడ్డలి విసిరితే వదిలి పారిపోయింది. కుక్క మెడకు తోలు పట్టెడ ఉంది. కానీ తోడేలు పళ్లు దిగకుండా దానికి కొట్టిన ఇనుప మేకులు లేవు. నిన్న పట్టెడ కట్టింది ఎనిమిదో తరగతి చదివే నా బిడ్డ.

"మేకులేవే?"

"నోటుబుక్కు అట్ట మీద రేకు పూలు పెట్టి ఆ మేకులతోనే కొట్టిన బాపూ. సారు సాదా అట్ట తేవద్దన్నడు."

చెంప మీద కొట్టాను. పెదవి పగిలి నెత్తురొచ్చింది.

"ఇంకింత కొట్టు. నల్లోడు లేస్తడా?" అంది.

పశువుల డాక్టరు మెడకు కుట్లు వేశాడు. బతుకుతుందనే అన్నాడు. సాయంత్రం బిడ్డ అట్టలోంచి మేకులు ఒక్కొక్కటే పీకి, సుత్తితో వంకర తీసి ఇచ్చింది. నేను మళ్లీ పట్టెడకు బిగించాను. అట్ట నిండా బొక్కలు మిగిలాయి.

"గీ బొక్కలేందని సారు అడిగితే?" అన్నాను చివరికి.

"తోడేలు కరిచిందని చెప్త."

సారు పెదవి గురించి అడిగితే ఏమంటుందో నేను అడగలేదు. మీరైతే అడిగేవారా?