ఒకే వీడియో, రెండు ఫోన్లు

అమ్మ మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్న రోజుల్లో, కాలక్షేపానికని నా పాత ఫోన్ ఇచ్చాను. మొదట వంటలు చూసేది, తర్వాత భజనలు. ఎన్నికలు దగ్గరపడేసరికి, గట్టిగా అరుస్తూ వార్తలు చెప్పే ఒక చానల్ పొద్దున్నుంచీ ఇంట్లో మోగుతుండేది. ఒకటి అయిపోతే అలాంటిదే మరొకటి దానంతటదే వచ్చేది.

మా పక్కిల్లు ఖాలా వాళ్లది. ముస్లింల ఇళ్లలో పెద్దమ్మను పిలిచినట్టే ఆమెను నేను ఖాలా అంటాను. మెదక్ బజార్లో వాళ్లకు గాజుల దుకాణం ఉంది. ఏటా ఏడుపాయల జాతరలోనూ పెడతారు. అమ్మ చేతికి ఆమె తప్ప ఇంకెవరూ గాజులు తొడగలేదు. ఆపరేషన్ అయ్యాక ఎముకలకు బలమని మేక కాళ్లతో పాయా వండి, గిన్నె మీద గుడ్డ కప్పి తెచ్చేది.

మెల్లగా అమ్మ మాటల్లో ‘వాళ్లు’ అనడం ఎక్కువైంది. ఒకరోజు దేశాన్ని ఎవరు పాడుచేస్తున్నారో అమ్మ ఖాలా ఎదుటే చెప్పింది. మాటలే కాదు, గొంతు కూడా ఆ చానల్ ఆయనదే. ఖాలా కూడా ఊరుకోలేదు. తన ఫోన్‌లో వేరే చానల్ ఉంది, అందులో విన్నది ఆమె చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె రాలేదు, అమ్మ పిలవలేదు. నేను సర్దిచెప్పబోతే అమ్మ ఫోన్ నా ముఖం ముందు పెట్టేది. శివరాత్రికి ఏడుపాయల వెళ్లినప్పుడు, కాలు నొప్పి అంటూ గాజుల దుకాణాల వైపే రాలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఖాలా తనంతట తనే వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది.

“జర గిది చూడు చెల్లె. నువ్వు గూడ చూసినవా?”

ఎక్కడో దూరాన ఒక ఊళ్లో గొడవ. రాళ్లు, పరుగెత్తే జనం. అమ్మ కూడా చూసిన వీడియోనే. అమ్మ చానల్ ప్రకారం రాళ్లు వేసింది ముస్లింలు, ఖాలా చానల్ ప్రకారం హిందువులు. రెండు ఫోన్లూ మంచం మీద పక్కపక్కన పెట్టి చూశారు. బొమ్మ మాత్రం ఒకటే. మళ్లీ మాటా మాటా పెరుగుతుందేమోనని నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

ఖాలా ఒకచోట వీడియో ఆపి, తెర మీద వేలు పెట్టి చూపించింది. జనం కాళ్ల మధ్య ఒక ముసలామె పడి ఉంది. తల మీద ఉన్నది చీర కొంగో దుపట్టానో తెలియడం లేదు. లేవడానికి చెయ్యి చాపుతోంది. అక్కడితో వీడియో అయిపోతుంది.

“గీమెను ఎవలన్న లేపిన్రా? పొద్దటిసంది నాకు గదే పరేషాన్ ఉన్నది. మా దాంట్ల చెప్తలేరు. మీ దాంట్ల ఏమన్న చెప్పిన్రా?”

అమ్మ తన ఫోన్‌లో మొదటి నుంచి పెట్టింది. ఆ చానల్ ఆయన చాలాసేపు మాట్లాడాడు గానీ ఆమె ఊసే ఎత్తలేదు. కింద ఎవరైనా రాశారేమో చదవమని నాకిచ్చింది. అన్నీ తిట్లే.

“లేదక్క,” అంది అమ్మ. “మా దాంట్ల గూడ చెప్తలేరు.”

అమ్మ కాస్త జరిగి మంచం మీద చోటిచ్చింది. ఖాలా కూర్చుని, అమ్మ మోకాలి మీద చెయ్యి వేసి వాపు తగ్గిందా అని అడిగింది. అమ్మకు ఏడుపొచ్చింది. జాతరకు వచ్చి కూడా దుకాణం దగ్గరికి రాలేదని తనే చెప్పింది.

“చూసిన. నీ నడక నాకు దెల్వదా,” అంది ఖాలా.

అమ్మ ఆ చానల్ మానేసిందని చెప్పలేను. ఇప్పటికీ చూస్తుంది, ఖాలాతో వాదిస్తుంది. ఖాలా కూడా తగ్గదు. వాదన మధ్యలోనే ఒకరు చాయ్ పెట్టడానికి లేస్తారు.

ఓట్ల రోజు ముగ్గురం ఒకే ఆటోలో వెళ్లాం. లైన్లో అమ్మ ఎక్కువసేపు నిలబడలేకపోతే ఖాలా భుజమిచ్చింది. ఎవరికి వేశావని ఎవరూ ఎవరినీ అడగలేదు. వచ్చేటప్పుడు చెరుకు రసం బండి దగ్గర ఆటో ఆపించి, ఐస్ వద్దని ఇద్దరూ ఒకేసారి చెప్పారు.